ఆరుంపావు సెంట్ల సుంకం, చిత్తూరు తోతాపురి

సంపాదకులకు,

అయ్యా,

తోతాపురి మామిడి ధరల మీద మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం రెండు సంగతులు చెప్పింది. అమెరికా గణతంత్రంగా పసితనంలో ఉన్నప్పుడు సుంకాల గోడ కట్టుకునే పరిశ్రమలు పెంచుకుంది కాబట్టి, పక్క రాష్ట్రం కాయను చిత్తూరు పొలిమేరలో ఆపడంలో తప్పు లేదన్నది ఒకటి. ఆ గోడ గురించే అమెరికాలోని ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్లాడుకుని అంతర్యుద్ధం దాకా పోయాయన్నది రెండోది. మొదటి మాటలో గోడ చోటు తప్పింది. రెండో మాటలో తగవే మారిపోయింది. మామిడి సీజన్‌లో ఈ పోలిక మళ్లీ మళ్లీ వినిపిస్తుంది కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాం. జాబు పొడుగైనందుకు మన్నించండి.

అమెరికా కట్టిన సుంకాల గోడ సముద్రపు ఒడ్డున ఉండేది. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య కాదు. అలాంటి గోడలు పెట్టి చూసిన కాలం అంతకు ముందే ఒకటి గడిచింది. 1781లో అమల్లోకి వచ్చిన తొలి సమాఖ్య ఒప్పందం కింద వర్తకాన్ని అదుపు చేసే అధికారం కేంద్రానికి లేదు. ఎవరి రేవు వారిదే, ఎవరి వసూళ్లు వారివే. తన రేవుకు వచ్చే న్యూజెర్సీ, కనెక్టికట్ పడవల మీద న్యూయార్క్ రుసుములు వేసింది. దానికి బదులుగా, తన నేల మీద న్యూయార్క్ వాళ్లు నడుపుతున్న శాండీహుక్ దీపస్తంభానికి న్యూజెర్సీ పన్ను వేసింది. ఈ అనుభవంతోనే 1787 రాజ్యాంగం రెండు తలుపులు మూసింది. కాంగ్రెస్ (అంటే అమెరికా చట్టసభ) ఒప్పుకోకుండా ఏ రాష్ట్రమూ దిగుమతి, ఎగుమతి సుంకాలు వేయకూడదు. కాంగ్రెస్ కూడా ఏ రాష్ట్రపు ఎగుమతుల మీదా పన్ను వేయకూడదు. ఈ రెండో నిబంధన దక్షిణాది పట్టుబట్టి సాధించుకున్నది. దాని సంగతి మళ్లీ వస్తుంది.

మన రాజ్యాంగంలో 301వ అధికరణం అదే పని చేస్తుంది: దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలి. రాష్ట్రం ఆంక్ష పెట్టాలనుకుంటే 304(బి) దారి చూపుతుంది. ప్రజాప్రయోజనం ఉండాలి, ఆంక్ష సహేతుకంగా ఉండాలి, శాసనసభలో బిల్లు పెట్టాలి, ఆ బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు అనుమతి ఉండాలి. చెక్‌పోస్టులో లారీ ఆపినంత తేలిక కాదు.

ఇక 1816 సుంకాల చట్టం. వ్యాసకర్త దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. పైగా దాని దెబ్బ తగిలింది మన దేశపు నేతకే.

అమెరికా ఓడలు విదేశాలకు పోకూడదన్న 1807 నిషేధం, తర్వాత 1812 నుంచి 1815 దాకా బ్రిటన్‌తో యుద్ధం వచ్చి, బయటి సరుకు రాక అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్‌లో నూలు మిల్లులు లేచాయి. మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో ఫ్రాన్సిస్ కేబట్ లోవెల్, ఆయన భాగస్వాములు 1813లో కంపెనీ పెట్టారు. ఇంగ్లండ్‌లో చూసి వచ్చిన మరమగ్గాన్ని పాల్ మూడీ అనే మెకానిక్ చేతి సాయంతో మళ్లీ కట్టారు. వడకడం దగ్గర నుంచి నేయడం దాకా ఒకే కప్పు కింద చేశారు. యుద్ధం ముగియగానే ఇంగ్లండ్‌లోని మిల్లుల సీమ లాంకషైర్ నుంచి సరుకు వెల్లువెత్తింది. దాంతోపాటు కలకత్తా నుంచి ముతక తెల్లబట్ట చవగ్గా వచ్చేది. తెచ్చేది బోస్టన్, సేలం ఓడల వాళ్లే. (మన పక్కనున్న సేలం కాదు, మసాచుసెట్స్ సేలం.) మిల్లు వాళ్లకు లాంకషైర్ ఎంత బెడదో ఈ ముతకబట్టా అంతే బెడద.

పైకి చూస్తే 1816 చట్టం మెత్తనిదే: నూలుబట్ట మీద విలువలో 25 శాతం. కానీ దానికి ఒక తోక ఉంది. చదరపు గజం 25 సెంట్ల (సెంటు అంటే డాలర్‌లో నూరో వంతు) కన్నా తక్కువకు కొన్న బట్టనైనా 25 సెంట్లకు కొన్నట్టే లెక్కగట్టాలి. అంటే ఎంత చవక బట్టకైనా చదరపు గజానికి కనీసం 6.25 సెంట్ల సుంకం తప్పదు. 25 సెంట్ల సన్నబట్టకు అది 25 శాతమే. 12.5 సెంట్ల బట్టకు 50 శాతం. 6.25 సెంట్ల ముతకబట్టకు నూటికి నూరు. చట్టంలో రాసిన రేటు ఒక్కటే, రేవులో కట్టే రేటు బట్టను బట్టి వేరు. సన్నబట్ట వేసుకునేవారి కన్నా ముతకబట్ట వేసుకునేవారి మీద నాలుగింతల భారం. రోడ్ ఐలండ్ మిల్లులు ఇంకా ఎక్కువ సుంకం కావాలని అడిగాయి. లోవెల్ మాత్రం మరమగ్గం మీద తాను నేసే సాదా తెల్లబట్టకు సరిపడా గోడ చాలన్నారు. దొరికిందీ అదే కొలతకు దొరికింది.

ఆ బిల్లును సభలో ముందుకు నడిపినవారు దక్షిణ కరోలినాకు చెందిన విలియం లౌండ్స్. దాన్ని గట్టిగా సమర్థించినవారు అదే రాష్ట్రానికి చెందిన జాన్ కాల్హూన్. భారతదేశపు బట్ట మన దేశపు పత్తితో నేసింది, వాల్తమ్ బట్ట కరోలినా పత్తితో నేసింది. కాబట్టి ఆనాటి జాతీయవాదంలో పత్తి రైతుకూ వాటా కనిపించింది. న్యూ ఇంగ్లండ్ ఓడల వర్తకుల వైపు నిలిచిన డేనియల్ వెబ్‌స్టర్ అప్పుడు ఎక్కువ సుంకాలను వ్యతిరేకించారు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఇద్దరూ గట్టు మారారు. 1828లో వెబ్‌స్టర్ సుంకానికి ఓటేశారు. కాల్హూన్ అదే ఏడాది, పేరు బయటపెట్టకుండా, ఆ సుంకం రాజ్యాంగానికి విరుద్ధమని దక్షిణ కరోలినా శాసనసభ కోసం వాదపత్రం రాశారు. మాట మార్చారని ఇద్దరినీ తిట్టడం తేలిక. వాళ్లు మారింది తమ ఊళ్ల లెక్క మారడం వల్ల.

ఆ లెక్క ఎలా మారిందో చూడాలి. వాల్తమ్ కంపెనీ భాగస్వామి నేథన్ ఆపిల్టన్ తమ సాదా దుప్పటిబట్ట గజం ధరలు రాసిపెట్టారు. 1816లో 30 సెంట్లు, 1819లో 21, 1826లో 13, 1829లో 8.5. బట్ట ధర ఇలా పడుతుంటే కనీస విలువ మాత్రం పెరుగుతూ పోయింది. 1824లో 30 సెంట్లు, 1828లో 35 సెంట్లు. రేటు అదే 25 శాతం కాబట్టి కనీస సుంకం 7.5 సెంట్లు, తర్వాత 8.75 సెంట్లు అయింది. అంటే 1829 నాటికి గజం బట్ట ధర కన్నా దాన్ని ఆపే సుంకమే ఎక్కువ! అప్పటికి ముతకబట్టలో ఆ మిల్లులకు గోడ అవసరమే లేదు, వాళ్ల సరుకే విదేశాలకు వెళుతోంది. పసి పరిశ్రమ పెద్దదయ్యాక కూడా ఊయల తీయకపోవడమంటే ఇదే. కనీస ధర పద్ధతి ఎక్కడ పెట్టినా ఇదే జబ్బు పట్టుకుంటుంది: ధర పడినకొద్దీ, ఎవరూ చట్టం ముట్టుకోకుండానే, భారం పెరిగిపోతుంది. మన దేశంలో వక్కకు పెట్టిన కనీస దిగుమతి ధర 2023లో కిలో 351 రూపాయలకు పెరిగింది. పద్ధతి కాస్త వేరు, దాని కన్నా చవక వక్కను అసలు రానివ్వరు. కానీ ఆ అంకెను ఎవరు, ఎప్పుడు తిరిగి చూస్తారన్న ప్రశ్న మాత్రం ఒకటే.

దక్షిణాది గోడు కూడా వినాలి. 1818లో పౌను 30 సెంట్లు పలికిన పత్తి 1820ల చివరికి 10 సెంట్ల దగ్గర ఆడుతోంది. 1828 చట్టం ఇనుము మీద, ఉన్ని మీద, జనపనార మీద, బెల్లపు మడ్డి మీద సుంకాలు పెంచింది. దక్షిణ కరోలినా ప్రతినిధి జార్జ్ మెక్‌డఫీ ఒక లెక్క చెప్పారు: దిగుమతి మీద 40 శాతం సుంకమంటే, పత్తి రైతు పండించిన 100 బేళ్లలో 40 ఉత్తరాది ఎత్తుకుపోయినట్టేనని. లెక్క అతిశయం. సుంకం భారం వినియోగదారు మీద, విదేశీ అమ్మకందారు మీద కూడా కొంత పడుతుంది, మొత్తం పత్తి రైతు నెత్తినే పడదు. కానీ మూలంలో నిజముంది. ఎగుమతి మీద పన్ను వేయకూడదని రాజ్యాంగంలో రాయించుకున్నవాళ్లకు, దిగుమతి సుంకం పెరటి దారిన వచ్చి అదే పని చేస్తుందని ఆలస్యంగా తెలిసింది. పత్తి ఇచ్చి బయటి సరుకు తెచ్చుకునేవాడికి సరుకు ప్రియమైతే, పత్తి చవకైనట్టే.

తోతాపురి గుజ్జుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. టన్ను గుజ్జుకు సుమారు రెండు టన్నుల కాయ కావాలి. ఎగుమతికి దాన్ని క్రిములు చేరని ఆసెప్టిక్ సంచిలో నింపి, 215 కిలోల చొప్పున ఉక్కు డ్రమ్ముల్లో పంపుతారు. ఉక్కు రేకు మీద దిగుమతి సుంకం పెంచితే అది ఎక్కడో ఉక్కు మిల్లుకు మేలు. ఇక్కడ డ్రమ్ము ధర పెరుగుతుంది. గుజ్జు ధర విదేశీ కొనుగోలుదారు చేతిలో ఉంది కాబట్టి ఆ పెరుగుదల వెనక్కి నడిచి ర్యాంపు (రైతు కాయ అమ్మే మండీ) దగ్గర కాయ ధరలో తేలుతుంది. పక్క రాష్ట్రం లారీలు కంటికి కనబడతాయి, డ్రమ్ము మీద సుంకం కనబడదు. తగవంతా కనబడేదాని చుట్టూనే తిరుగుతుంది.

దక్షిణ కరోలినాలోనూ అంతే. ఆ రాష్ట్రపు పత్తిని ముంచింది ప్రధానంగా సుంకం కాదు. అలబామా, మిసిసిపి కొత్త నేలల్లో ఎకరాకు ఎక్కువ పండుతున్న పత్తి దాన్ని ముంచింది. దశాబ్దాలుగా పిండి పిండి సారం పోయిన నేలతో వాటితో పోటీ పడలేకపోయింది. కానీ అలబామాను తిట్టడం కుదరదు, అది తమ సాటి పత్తి రాష్ట్రం. సుంకాన్ని తిట్టడం కుదిరింది.

రోడ్లు, కాలువల కథ పెద్దదే గానీ ఒక్క ముక్క చాలు. రెండో జాతీయ బ్యాంకు నుంచి వచ్చే డబ్బును రోడ్లకు, కాలువలకు వాడాలన్న కాల్హూన్ బిల్లును అధ్యక్షుడు మాడిసన్ 1817 మార్చి 3న తిరస్కరించారు. రాజ్యాంగం ఆ అధికారం ఇవ్వలేదన్నారు. దాంతో న్యూయార్క్ రాష్ట్రం సొంత అప్పుతో ఎరీ కాలువ తవ్వుకుంది. 363 మైళ్లు, 83 లాకులు, 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, 1825లో పూర్తయింది. బఫలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు రవాణా సుమారు 100 డాలర్ల నుంచి 10 డాలర్ల దరిదాపులకు దిగింది. మిసిసిపి నది మీదుగా న్యూ ఆర్లియన్స్‌కు పోవాల్సిన పడమటి సరుకులో పెద్ద భాగం క్రమంగా తూర్పుకు మళ్లింది. పడమర, ఉత్తరం కలిసిపోవడానికి ఎంతమంది ఉపన్యాసాలిచ్చినా ఆ నాలుగడుగుల నీళ్లంత పని జరగలేదు. దక్షిణాది ఒంటరి కావడం అక్కడే మొదలైంది.

1832 నవంబరు 24న దక్షిణ కరోలినా ఆ సుంకాలు తమ రాష్ట్రంలో చెల్లవని తీర్మానించింది. 1833 ఫిబ్రవరి 1 గడువు పెట్టింది. అధ్యక్షుడు జాక్సన్ సైన్యాన్ని వాడే అధికారం అడిగారు. సెనేటర్ హెన్రీ క్లే, కాల్హూన్ కలిసి రాజీ బిల్లు తెచ్చారు. మార్చి 2న రెండింటి మీదా ఒకే రోజు సంతకాలు పడ్డాయి. రాజీ అంటే ఏమిటో వ్యాసం చెప్పలేదు, అదే ఆసక్తికరమైన భాగం. 20 శాతానికి మించిన ప్రతి సుంకంలోనూ, ఆ మించిన భాగంలో పదో వంతును 1833, 1835, 1837, 1839 చివర్లలో కోయాలి. అప్పటికి మిగిలినదాంట్లో సగం 1841 చివర, తక్కిన సగం 1842 జూన్ చివర కోయాలి. 50 శాతం సుంకాన్నే తీసుకోండి. అది 47, 44, 41, 38 అవుతుంది, తర్వాత ఒక్కసారిగా 29, చివరికి 20. తొలి ఎనిమిదేళ్లలో తగ్గేది 12 పాయింట్లు, ఆఖరి ఆరు నెలల్లో 18. పెద్ద కోత చివర పెట్టారు కాబట్టి మిల్లు వాళ్లు అప్పటికి ఊరుకున్నారు. తేదీలు చట్టంలో ఉన్నాయి కాబట్టి దక్షిణాది ఊరుకుంది. మధ్యలో 1837 ఆర్థిక కుదేలు వచ్చి ఖజానా ఎండింది. సుంకం 20కి దిగిన రెండు నెలలకే, 1842 ఆగస్టు 30న, కొత్త చట్టం మళ్లీ పెంచేసింది. చివరి వాయిదా పెద్దదైతే అది అందదని అప్పులిచ్చే ఏ షావుకారైనా చెబుతాడు.

అయినా యుద్ధం రాలేదు. సుంకం అంకె కాబట్టి దాన్ని కోయొచ్చు, వాయిదా వేయొచ్చు, సగం చేయొచ్చు. బానిసత్వాన్ని అలా కోయడం కుదరలేదు. 1820లో మిస్సోరీ రాజీ 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీసి, పడమటి కొత్త నేలల్లో దానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదని చెప్పి చూసింది. 1854లో కాన్సస్–నెబ్రాస్కా చట్టం ఆ గీతను చెరిపేసింది. 1857లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డ్రెడ్ స్కాట్ తీర్పు అసలు అలా గీసే అధికారమే కాంగ్రెస్‌కు లేదంది. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి సుమారు 40 లక్షలయ్యారు. పెంచింది పత్తి. ఆ పత్తి తిన్నది లాంకషైర్ మిల్లులు, వాటితో పాటు లోవెల్ మిల్లులు. ఉత్తరాది మిల్లు, దక్షిణాది కొరడా ఒకే సరుకు రెండు చివరలు. బానిసలకు తొడిగే ముతకబట్టను రోడ్ ఐలండ్ మిల్లులు నేసి అమ్మాయి.

సుంకం వల్లే యుద్ధం అన్నవారు తేదీలు చూడాలి. 1860 డిసెంబరులో దక్షిణ కరోలినా విడిపోయేనాటికి అమల్లో ఉన్నది 1857 చట్టం. 1816 తర్వాత అంత తక్కువ సుంకాలు ఎన్నడూ లేవు. సుంకాలు పెంచిన మారిల్ చట్టం 1861 మార్చి 2న వచ్చింది, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. విడిపోవడానికి కారణాలు చెబుతూ దక్షిణ కరోలినా విడుదల చేసిన ప్రకటనలో పారిపోయిన బానిసలను ఉత్తరాది అప్పగించడం లేదన్న ఫిర్యాదే ప్రధానం. సుంకం ఊసు లేదు.

ఇప్పుడు మన తగవు ఏ జాతిదో చూడండి. 2025 జూన్‌లో ఇతర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపినప్పుడు కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. శ్రీనివాసపురం, కోలారు వైపు రైతుకు చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలే దిక్కు. అది నూటికి నూరుపాళ్లు అంకెల తగవు, కోసి పంచుకోగలిగినది. మన వైపు కిలోకు 12 రూపాయలు ప్రకటించారు, అందులో ఫ్యాక్టరీ వాటా 8, ప్రభుత్వ వాటా 4. కర్ణాటకకు కేంద్రం క్వింటాలు 1,616 రూపాయల లెక్కన ధర తేడా భర్తీ పథకం ఇచ్చింది. రెండు వైపులా పరిష్కారం డబ్బు రూపంలోనే దొరికింది, గోడ రూపంలో కాదు. ఇక ‘పరాయి’ మాటకొస్తే, శ్రీసిటీ వెలసిన సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. సరిహద్దు తగవు తీర్చిన పటాస్కర్ సూత్రం ప్రకారం మనం తిరుత్తణి ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాం.

సీమ కోరికల విషయంలో 1833 వాయిదాల పట్టీ పక్కన 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికను పెట్టి చదవాలి. పదేళ్లు, అవసరమైతే అంతకు మించి, సాగునీటిలో రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం అని అందులో ఉంది. ఏ ఏటికల్లా ఎన్ని ఎకరాలన్నది లేదు. రాజధాని, హైకోర్టుల్లో సీమ కోరుకున్నది ఇవ్వాలన్నారు. ఆ మాట ప్రకారం 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాద్ పోయింది. జాతీయ విధానాల్లోనూ ఇదే కొలత పెట్టాలి. 1950లలో తెచ్చిన రవాణా ఛార్జీల సమానీకరణ వల్ల ఉక్కు రేణిగుంటలో దించుకున్నా, జంషెడ్‌పూర్ పక్కన దించుకున్నా ఒకే ధర పడేది. పత్తికి మాత్రం ఆ సమానీకరణ లేదు. బిహార్ తన ఇనుము దగ్గరున్న లాభం పోగొట్టుకుంది, బొంబాయి తన పత్తి దగ్గరున్న లాభం నిలుపుకుంది. ఆ విధానంలో లాభపడ్డవాళ్లలో మనమూ ఉన్నాం. దాని గురించి సీమలో ఎవరూ సభ పెట్టలేదు, మేమూ పెట్టలేదు.

వచ్చే సీజన్‌లో మీ జిల్లా పేజీకి ఒక విన్నపం. దామలచెరువు, బంగారుపాళ్యం ర్యాంపుల్లో ఆ రోజు కాయ ధర, ఫ్యాక్టరీ గేటు ధర, ప్రభుత్వం తన వాటా రైతు ఖాతాలో వేసిన తేదీ, ఈ మూడూ ఒకే పెట్టెలో రోజూ వేయండి. కుదిరితే నాలుగో గడిలో ఫ్యాక్టరీ గోదాముల్లో నిరుటి గుజ్జు డ్రమ్ములు ఎన్ని మిగిలాయో కూడా. అసలు ధర పడేది ఆ గడి దగ్గరే.

ఇట్లు,
చరిత్ర, అర్థశాస్త్ర అధ్యాపకులు కొందరు,
తిరుపతి